పాత బిల్లింగ్ ప్రోగ్రాంను కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు బట్టల షాపుల్లో, కిరాణా హోల్‌సేల్ దుకాణాల్లో, రైస్‌మిల్లుల్లో ఇంకా చాలాచోట్ల విబి 6లో (విజువల్ బేసిక్ 6 అనే మైక్రోసాఫ్ట్ పాత భాష) రాసి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ మీద నడిచే ప్రోగ్రాములు గానీ, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసినవి గానీ కనిపిస్తాయి. వాటిని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి (ప్రోగ్రాం కట్టడానికి సిద్ధంగా దొరికే చట్రం) మార్చాలనుకునే యజమానులకు, ఆ పని చేతికి తీసుకునే ప్రోగ్రామర్లకు పనికొచ్చే జవాబులు ఇవి. కోడ్ తిరగరాయడం ఇందులో తేలికైన భాగం. డబ్బు లెక్క, అక్షరాలు, ప్రింటరు, ఈ మూడే మనిషిని ఏడిపిస్తాయి. అందుకే వాటి మీదే ఎక్కువ రాశాం.

ప్రోగ్రాం బాగానే నడుస్తోంది. ఎందుకు మార్చాలి?

నడుస్తున్నదాన్ని మార్చక తప్పదని ఎవరైనా భయపెడితే నమ్మక్కర్లేదు. విబి 6 వచ్చింది 1998లో. దాంతో ప్రోగ్రాం రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. కానీ ఆ ప్రోగ్రాములను నడిపే రన్‌టైమ్ విండోస్ 11లో కూడా ఉంది. ఒకే కంప్యూటర్, ఒకే కౌంటర్, సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు రాత) చేతిలో ఉంది, రోజూ బ్యాకప్ తీస్తున్నారు అంటే తొందర లేదు.

తొందరపడాల్సిన సందర్భాలు వేరు. యాక్సెస్ డేటా ఉండే ఎండిబి ఫైలు 2 జిబికి దగ్గరపడుతుంటే ఆగకండి, అక్కడితో యాక్సెస్ హద్దు అయిపోతుంది. రెండో ఊళ్లో బ్రాంచి తెరిచినా, విండోస్ 7 మిషన్ చచ్చి కొత్తది కొనాల్సి వచ్చినా, పన్ను రేటు మారినప్పుడల్లా కోడ్‌లోపల చెయ్యి పెట్టాల్సి వస్తున్నా అంతే. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో 2.6 అయితే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ లాంటి దాంట్లో నడపాలి. అది ఊపిరి నిలబెట్టడమే తప్ప వైద్యం కాదు.

సోర్స్ కోడ్ లేదు. రాసినాయన ఊరు వదిలి వెళ్లిపోయారు. ఇప్పుడెలా?

ఇది చాలా మామూలు పరిస్థితి. విబి 6 ఇఎక్స్ఇ ఫైలును (నడిచే ప్రోగ్రాం ఫైలు) విప్పి కోడ్ బయటికి తీస్తామనే సాధనాల వల్ల ఫారాల ఆకారం వస్తుంది, లెక్కల తర్కం మామూలుగా చదవగలిగేలా రాదు. దాని మీద వారాలు తగలేయకండి. డేటాబేస్ తెరుచుకుంటే సగం ప్రోగ్రాం దొరికినట్టే. పట్టికలు, వాటి మధ్య సంబంధాలు, లోపల దాచిన క్వెరీలు (డేటాను అడిగే ఆదేశాలు) అక్కడే ఉంటాయి. మిగతాది ప్రోగ్రాంను నడిపి, ఏ అంకె ఇస్తే ఏ అంకె వస్తోందో పట్టిక వేసి తెలుసుకోవాలి. రిటర్న్ వచ్చిన సరుకు, అరువు ఖాతా, డిస్కౌంట్ మీద డిస్కౌంట్, సున్నా ధరకు ఇచ్చిన ఫ్రీ సరుకు: ఈ నాలుగు రకాల బిల్లులూ తప్పకుండా కొట్టి చూడండి. కౌంటర్లో కూర్చునే గుమాస్తాను పక్కన పెట్టుకోండి. ప్రోగ్రాం చేసే వింత పనులు ఆయనకు తెలిసినంతగా యజమానికి తెలియవు.

ఏ ఫ్రేమ్‌వర్క్‌కు వెళ్లాలి?

కౌంటర్‌కు ప్రింటరు, కాటా, బార్‌కోడ్ స్కానర్ తగిలించి ఉంటే సి షార్ప్ భాష, మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్, అందులో తెరలు కట్టే విన్‌ఫారమ్స్. పాతకాలపుదని ముఖం తిప్పుకోకండి, కీబోర్డు మీదే బిల్లు కొట్టే గుమాస్తాకు అదే హాయి. డాట్‌నెట్ 8కి మద్దతు 2026 నవంబరు 10తో ముగుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2025 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 10 పట్టుకుంటే 2028 నవంబరు దాకా ఢోకా లేదు.

రెండు మూడు బ్రాంచిలు ఉండి యజమాని ఫోన్లో లెక్క చూసుకోవాలంటే వెబ్. పైథాన్ భాషలోని జాంగో అయితే 5.2 వెర్షన్ తీసుకోండి, 2028 ఏప్రిల్ దాకా మద్దతు ఉంటుంది. పిహెచ్‌పి అనే వెబ్ భాషలోని లారావెల్ కూడా మంచిదే, కాకపోతే ప్రతి వెర్షన్‌కూ భద్రతా సవరణలు రెండేళ్లే. ఏటా కొంత పని ఉంటుందని యజమానికి ముందే చెప్పాలి.

మాది పాత పిహెచ్‌పి వెబ్‌సైటు. హోస్టింగ్ వాళ్లు వెర్షన్ పెంచగానే తెల్ల పేజీ వచ్చింది.

పిహెచ్‌పి 5లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. అన్నీ పిడిఓకు (డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతి) మార్చాలి. మార్చేటప్పుడు వినియోగదారు టైపు చేసిన మాటను నేరుగా క్వెరీలో అతికించిన చోట్లన్నీ బైండ్ పరామితులుగా (క్వెరీకి విడిగా అందించే విలువలు) చేయండి. ఎలాగూ ఆ వాక్యాన్ని ముట్టుకుంటున్నారు కదా.

ఆటోమేటిక్ కన్వర్టర్‌తో అయిపోదా?

విజువల్ స్టూడియోలో విబి 6 నుంచి విబి డాట్‌నెట్‌కు మార్చే విజర్డ్ ఉండేది. 2010 వెర్షన్ నుంచి తీసేశారు. ప్రైవేటు సాధనాలు ఉన్నాయి. అవి ఇచ్చే కోడ్ కంపైల్ అవుతుంది, కానీ ఒక్కోచోట అర్థం మారిపోతుంది. చేత్తో రాసినా చిక్కు తప్పదు. విబి 6లో ఏమీ చెప్పకపోతే పరామితి (ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) రిఫరెన్స్‌గా, అంటే అసలుదే వెళ్తుంది, కొత్త భాషల్లో విలువగా, అంటే నకలు వెళ్తుంది. పిలిచిన ఫంక్షన్ లోపల మొత్తాన్ని మార్చి వెనక్కి ఇచ్చే పాత కోడ్‌ను చేత్తో తిరగరాస్తే ఆ మార్పు కనిపించకుండా పోతుంది.

ఇంతకంటే పెద్ద తలనొప్పి 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్'. తప్పు వస్తే నోరుమూసుకుని ముందుకు పో అని దాని అర్థం. పాత ప్రోగ్రాంలో ఏళ్ల తరబడి రోజూ జరుగుతున్న తప్పు కొత్తదాంట్లో మొదటి రోజే ఎర్రర్ బాక్స్‌గా పైకొస్తుంది. అప్పుడు కొత్త ప్రోగ్రామే చెడ్డదంటారు. ముందే చెప్పి పెట్టుకోండి.

మొత్తం ఒకేసారి మార్చాలా, ముక్కలు ముక్కలుగానా?

ముక్కలుగానే. పాత గోడలో మొలిచిన రావి మొక్క మెల్లగా గోడనంతా ఆక్రమించినట్టు ఉండాలి. మొదట రిపోర్టులు మార్చండి. అవి డేటాను చదువుతాయి తప్ప రాయవు కాబట్టి తప్పు జరిగినా ఎవరి సొమ్మూ పోదు. తరవాత సరుకుల జాబితా, ఖాతాదారుల జాబితా, ఆ తరవాత బిల్లు. స్టాకు, పద్దులు ఆఖర్న.

ఇలా చేయాలంటే పాతదీ కొత్తదీ ఒకే డేటాబేస్ మీద నడవాలి. యాక్సెస్ పట్టికలను మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి తీసుకెళ్లి, ఎండిబిలో అవే పేర్లతో లింక్ పట్టికలు (డేటా అక్కడ, పేరు మాత్రం ఇక్కడ) పెడితే పాత ప్రోగ్రాం తేడా తెలియకుండా నడుస్తుందని అంటారు. పూర్తిగా కాదు. రెండు చోట్ల పగులుతుంది. ఒకటి, 'సీక్' (ఇండెక్స్ పట్టుకుని వరుసను వెతికే ఆదేశం) వాడే కోడ్ లింక్ పట్టిక మీద పని చేయదు, దాన్ని మామూలు వెతుకులాటగా మార్చాలి. రెండోది, యాక్సెస్‌లో కొత్త వరుస మొదలుపెట్టగానే ఆటోనంబరు (వరుసకు దానంతటదే పడే నంబరు) చేతికొస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సేవ్ చేశాకే వస్తుంది. బిల్లు తల వరుస సేవ్ కాకముందే ఆ నంబరు తీసుకుని కింద సరుకుల వరుసల్లో రాసే ప్రోగ్రాముల్లో సరుకులన్నీ సున్నా నంబరు బిల్లుకు చేరిపోవచ్చు. ఈ రెండిటినీ కోడ్‌లో వెతికి సరిచేయాలంటే సోర్స్ కావాలి. సోర్స్ లేనివాళ్లకు దారి ఒక్కటే: రాత్రి పూట పాత డేటాను కొత్త డేటాబేస్‌లోకి కాపీ చేసి, కొత్త రిపోర్టులు దాని మీద నడపడం.

డేటా తీసుకెళ్లేటప్పుడు ఏవి తప్పుతాయి?

ఫాక్స్‌ప్రో డేటా ఉండే డిబిఎఫ్ ఫైళ్లలో కొట్టేసిన వరుస నిజంగా పోదు. దాని మొదటి బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. 'ప్యాక్' (కొట్టేసినవాటిని నిజంగా తీసేసే ఆదేశం) చేసేదాకా లోపలే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని సాధనంతో తీసుకెళ్తే, ఎప్పుడో రద్దు చేసిన బిల్లులూ బాకీలూ మళ్లీ లేచి కూర్చుంటాయి.

యాక్సెస్‌లో అవును అనేది -1గా ఉంటుంది. కొత్త కోడ్‌లో '1 ఉన్నవాళ్లను చూపించు' అని రాస్తే జాబితా ఖాళీగా వస్తుంది. 'సున్నా కానివాళ్లను చూపించు' అని రాయండి, లేదా తీసుకొచ్చేటప్పుడే 1 చేయండి.

తేదీలు అన్నిటికంటే మోసకారివి. యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో (క్వెరీలు రాసే భాష) # గుర్తుల మధ్య రాసే తేదీని నెల/రోజు/సంవత్సరంగా చదువుతుంది. మన కంప్యూటర్లలో రోజు ముందు ఉంటుంది. పాత కోడ్ తేదీని అలాగే అతికించి ఉంటే 05/03 అనేది మార్చి 5 కాక మే 3 అయింది. 13 నుంచి 31 దాకా రోజులు మాత్రం సరిగానే పడ్డాయి, ఎందుకంటే పదమూడో నెల లేదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా దాక్కుంటుంది. పట్టుకోవడం సులువే: బిల్లు నంబరు వరుసలో పెట్టి తేదీ చూడండి. నంబరు పెరుగుతూ తేదీ నెలలు వెనక్కో ముందుకో దూకిందంటే అదే. 1899 డిసెంబరు 30 అని కనిపిస్తే భయపడకండి, అది యాక్సెస్‌కు సున్నా తేదీ.

విబి 6 ఇంటిజర్‌కు (పూర్ణసంఖ్య రకం) 32,767 హద్దు. బిల్లు నంబరు దాన్ని దాటిన షాపుల్లో ఎవరో 'బి' సిరీస్ అని మొదలుపెట్టి మళ్లీ 1 నుంచి వచ్చి ఉంటారు. నంబరు ఒక్కటే కీ (బిల్లును గుర్తుపట్టే ఆనవాలు) అనుకుంటే రెండు బిల్లులు ఒకటైపోతాయి.

పైసల్లో తేడా వస్తోంది. ఏ ప్రోగ్రాం సరైనది?

ఏది సరైనదో ఆడిటర్ చెప్పాలి. తేడా ఎందుకొస్తుందో ఇక్కడ చెప్తాం.

విబి 6లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది. 112.50ని 112 చేస్తుంది, 113.50ని 114 చేస్తుంది. పిహెచ్‌పి, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండిటినీ పైకే తీసుకెళ్లి 113, 114 అంటాయి. అంటే పరీక్షలో 113.50 బిల్లు కొట్టినవాళ్లకు ఏ తేడా కనిపించదు. 112.50 కొట్టినవాళ్లకే కనిపిస్తుంది. సి షార్ప్, పైథాన్ 3 మళ్లీ విబి 6 దారిలోనే, సరిసంఖ్య వైపు.

ఇప్పుడు 85 రూపాయల సరుకు, 5 శాతం జిఎస్‌టి తీసుకోండి. సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. 2.5 శాతం చొప్పున 2.125. విబి 6 రౌండ్ 2.12 ఇస్తుంది. అదే విబి 6లోని ఫార్మాట్ ఫంక్షన్ 2.13 ఇస్తుంది! ఒకే ప్రోగ్రాంలో డేటాబేస్‌లోకి వెళ్లినది 2.12, కాగితం మీద పడినది 2.13 అయ్యే అవకాశం ఉంది. మీరు డేటాబేస్‌తో సరిపోల్చి అంతా బాగుందనుకుంటారు, యజమాని పాత కాగితం బిల్లు తెచ్చి చూపిస్తాడు. ఇద్దరిదీ నిజమే.

వరుసవారీగా రౌండ్ చేస్తారా, బిల్లు మొత్తం మీదా అన్నది ఇంకో పేచీ. అలాంటి 85 రూపాయల వరుసలు మూడు ఉంటే ఒక్కోటీ 2.13 చొప్పున 6.39. మొత్తం 255 మీద లెక్కిస్తే 6.375, అంటే 6.38.

చేయాల్సింది: డబ్బుకు ఎప్పుడూ డెసిమల్ రకమే వాడండి, ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వద్దు. రౌండింగ్ అంతా ఒకే ఫంక్షన్‌లో పెట్టి, ఎటు పోవాలో అందులో స్పష్టంగా రాయండి. పాత బిల్లులను మాత్రం తిరిగి లెక్కకట్టొద్దు, ఉన్న అంకెలు ఉన్నట్టే దిగుమతి చేయండి. దాఖలు చేసిన రిటర్నులు ఆ అంకెలతోనే ఉన్నాయి.

తెలుగు, ఒడియా పేర్లు గజిబిజిగా కనిపిస్తున్నాయి.

ముందు రోగం ఏదో తేల్చుకోండి. పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు ఉంటే డేటా పోయినట్టే, పాత బ్యాకప్ నుంచి మళ్లీ తేవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గడి రకం ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టేది; యూనికోడ్ అంటే అన్ని లిపులకూ ఒకే సంకేతాల పద్ధతి) బదులు వార్‌చార్ పెట్టినా, క్వెరీలో కొటేషన్ ముందు ఎన్ అక్షరం పెట్టకపోయినా మామూలుగా ఇలాగే అవుతుంది.

ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసి కనిపిస్తే అది ఫాంట్ మాయ. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి లాంటి పాత ఫాంట్లతో టైపు చేసిన డేటా లోపల ఇంగ్లీషు సంకేతాలే ఉంటాయి, ఫాంట్ వాటికి మన అక్షరాల బొమ్మ తొడుగుతుంది. ఫాంట్ తీసేస్తే బొమ్మ పోతుంది. మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్ షాపుల్లో ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది, కథ అదే.

మన వైపు అసలు చిక్కు ఏమిటంటే ఒకే పేరు గడిలో కొన్ని వరుసలు తెలుగు ఫాంట్‌వి, కొన్ని ఒడియా ఫాంట్‌వి. ఏది ఏదో చెప్పే గడి వేరే లేదు. యంత్రంతో ఊహించడానికి పోకండి. గడిలోని మాటలను విడగొట్టి, ఒక్కో మాటా ఒక్కసారే వచ్చేలా జాబితా తీయండి. శ్రీ, లక్ష్మీ, ట్రేడర్స్, స్టోర్స్ వందలసార్లు వస్తాయి కాబట్టి జాబితా చిన్నదే అవుతుంది. రెండు ఫాంట్లలోనూ పక్కపక్కన చూపించి, రెండు లిపులూ చదివే మనిషి చేత గుర్తు పెట్టించండి. ఆ మనిషి మన ఊళ్లలో ప్రతి షాపులోనూ ఉంటాడు. కన్వర్టర్ రాసేటప్పుడు పొడవైన గుర్తుల గుంపులను ముందు మార్చాలి. ఒడియా ఏత్వం అక్షరానికి ఎడమ పక్కన కనిపిస్తుంది కాబట్టి పాత ఫాంట్‌లో దాన్ని ముందు కొట్టేవారు. యూనికోడ్‌లో హల్లు ముందు, గుణింతపు గుర్తు తరవాత. ఆ వరుస తిప్పాలి.

గడి వెడల్పు కూడా చూసుకోండి. 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం' కంటికి చిన్న పేరే. యూనికోడ్‌లో ఖాళీలతో కలిపి 23 సంకేతాలు, యుటిఎఫ్ 8లో (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతి) 65 బైట్లు. బైట్లు లెక్కపెట్టే చోట 50కి కత్తిరిస్తే చివర సగం అక్షరం మిగులుతుంది. ఇంకోటి: 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా టైపు చేస్తే వెతుకులాటలో ఒకే ఖాతాదారుడు ఇద్దరవుతాడు. వెతికే గడిలో ఆ గుర్తు తీసేసిన నకలు పెట్టండి.

సరిహద్దు షాపు. కొనేవాళ్లు సగం మంది ఆంధ్ర నుంచి. పన్ను ఎలా నిర్ణయించాలి?

జిఎస్‌టి నంబరు 15 అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్ర సంకేతం. ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, మహారాష్ట్ర 27. పాత ప్రోగ్రాములు చాలావరకు ఈ రెండంకెలు చూసి రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే ఐజిఎస్‌టి వేయాలో, ఒకే రాష్ట్రంలో అమ్మకానికి పడే సిజిఎస్‌టి, ఎస్‌జిఎస్‌టి వేయాలో తేల్చేస్తాయి. నంబరు లేని కొనుగోలుదారు దగ్గర అది చాలదు. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని వ్యక్తికి అమ్మినప్పుడు బిల్లులో అతని చిరునామా రాస్తే ఆ రాష్ట్రం, రాయకపోతే అమ్మేవాడి రాష్ట్రం సరఫరా స్థలమవుతుంది (పన్ను లెక్కకు సరుకు చేరిన రాష్ట్రం). రాష్ట్రం పేరు రాసినా చిరునామా కిందే లెక్క. పర్లాకిమిడి కౌంటర్లో పాతపట్నం మనిషి చీర కొంటే, బిల్లు మీద ఆంధ్ర అని పడటమా లేదా అన్నదాన్ని బట్టి పన్ను రకం మారుతుంది. కాబట్టి సరఫరా స్థలం బిల్లులో సొంత గడిగా ఉండాలి, వేరేదాన్నుంచి ఊహించకూడదు.

రేట్లు కోడ్‌లో రాయొద్దు. సరుకు, రేటు, ఏ తేదీ నుంచి అని పట్టిక పెట్టండి. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతాల్లోని సరుకుల్లో ఎక్కువ భాగం 5కో 18కో మారినప్పుడు ఈ పట్టిక ఉన్నవాళ్లు ఒక్క రాత్రిలో గట్టెక్కారు. అంతకుముందు అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోటు పాత రేటుకే పడాలి, దానికీ ఆ తేదీయే ఆధారం.

ప్రింటరు పలకడం లేదు.

పాత ప్రోగ్రాం ఎల్‌పిటి 1 అనే పాతకాలపు ప్రింటరు పోర్టుకు నేరుగా అక్షరాలు తోస్తుంది. కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టే ఉండదు. పాతది ఇంకొన్నాళ్లు నడవాలంటే ప్రింటరును షేర్ చేసి, 'నెట్ యూజ్' ఆదేశంతో ఎల్‌పిటి 1 పేరును దానికి కట్టండి. కొత్తదాంట్లో డాట్ మ్యాట్రిక్స్‌కు డ్రైవర్ ద్వారా కాకుండా ముడి బైట్లే స్పూలర్‌కు (విండోస్‌లో ప్రింటు పనులను వరుసలో పెట్టేది) పంపండి. లేకపోతే ఒక్కో బిల్లూ బొమ్మలా గీస్తూ నిమిషాలు తీసుకుంటుంది.

మామూలు థర్మల్ ప్రింటర్ల లోపలి ఫాంట్‌లో తెలుగు, ఒడియా ఉండవు. వరుసను బొమ్మగా చేసి పంపాలి. 203 డిపిఐ (అంగుళానికి 203 చుక్కలు) దగ్గర 80 మిల్లీమీటర్ల కాగితానికి 576 చుక్కలు, 58 మిల్లీమీటర్లకు 384. పేరు మాత్రమే బొమ్మగా, అంకెలు మామూలు అక్షరాలుగా పంపితే వేగం తగ్గదు. వెబ్ ప్రోగ్రాం అయితే బ్రౌజరు మామూలుగా ప్రింటరుకు నేరుగా ముడి బైట్లు పంపదు, కౌంటర్ కంప్యూటర్‌లో చిన్న సర్వీసు ఒకటి పెట్టాలి. రైస్‌మిల్లు కాటాకూ అదే. కాటా వైరును వేరే యుఎస్‌బి రంధ్రంలో పెడితే కామ్ పోర్టు నంబరు (ప్రోగ్రాం కాటాను గుర్తుపట్టే నంబరు) మారిపోవచ్చు. రంధ్రం మీద స్టిక్కర్ అంటించండి.

కరెంటు, నెట్ పోతే?

డేటాబేస్ షాపులోనే పెట్టండి, బయటికి నకలు వెళ్లనివ్వండి. యూపీఎస్ కౌంటర్‌కే కాదు, సర్వర్‌కూ, నెట్‌వర్క్ స్విచ్‌కూ కావాలి. స్విచ్‌ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

రెండు కౌంటర్లలో ఒకే బిల్లు నంబరు పడింది.

ఉన్నవాటిలో పెద్ద నంబరుకు ఒకటి కలిపే పాత పద్ధతి వల్ల. నంబర్ల పట్టికలో వరుసను లాక్ చేసి, బిల్లు సేవ్ అయ్యే లావాదేవీలోనే నంబరు తీసుకోండి. లేదా కౌంటర్‌కో సిరీస్ ఇవ్వండి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు.

పాతదీ కొత్తదీ ఎన్నాళ్లు కలిపి నడపాలి?

కనీసం ఒక పూర్తి నెల, నెలాఖరు లెక్క ముగిసేదాకా. గుమాస్తా చేత ప్రతి బిల్లూ రెండుసార్లు కొట్టించొద్దు, మూడో రోజుకే మానేస్తాడు. పాతదాంట్లో కొట్టిన రోజు బిల్లుల నుంచి సరుకు, పరిమాణం, ధర మాత్రమే తీసి రాత్రి కొత్తదాంట్లోకి పంపి, పన్నులూ మొత్తాలూ దాని చేతే లెక్కకట్టించండి. బిల్లుల సంఖ్య, పన్నుకు ముందు మొత్తం, మూడు పన్నులు విడివిడిగా, నగదు, మిగిలిన స్టాకు: ఈ అంకెలను పక్కపక్కన పెట్టండి. మొత్తం కలిసినా బిల్లువారీగా కూడా చూడండి, ఒక ప్లస్ తప్పు ఒక మైనస్ తప్పును కప్పేస్తుంది.

మార్చే రోజు ఏప్రిల్ 1 అయితే కొత్త సిరీస్, ఓపెనింగ్ నిల్వలు కలిసొస్తాయి. అలాగైతే కలిపి నడపడం ఫిబ్రవరిలో మొదలుకావాలి. దసరా ముందు, పెళ్లిళ్ల ముహూర్తాల్లో బట్టల షాపు జోలికి పోకండి.

పాత ప్రోగ్రాంను ఎప్పుడు తీసేయొచ్చు?

రాసే అనుమతి కొత్తదానికి మారిన మొదటి రోజే తీసేయండి, చదివే అనుమతి ఉంచండి. జిఎస్‌టి లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. 2024-25 రిటర్ను గడువు 2025 డిసెంబరు 31 కాబట్టి ఆ ఏడాది పుస్తకాలు 2031 డిసెంబరు 31 దాకా ఉండాలి. పాత కంప్యూటర్‌ను అంతకాలం బతికించలేం. దాని డిస్కు మొత్తాన్ని వర్చువల్ మిషన్‌గా (వేరే కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్) మార్చి, రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. పాస్‌వర్డ్ కాగితం కూడా వాటితోనే. ఏడాదికోసారి దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి, ఏదో ఒక పాత బిల్లు ప్రింటు తీసి చూడండి.